‘ఆంటీ అంటే తప్పేంటి?’: 2022 ఆగస్టు ట్రోలింగ్ నుంచి గ్రూప్ అడ్మిన్లు నేర్చుకోవాల్సింది

ఏం జరిగింది

2022 ఆగస్టు చివరి వారంలో యాంకర్, నటి అనసూయ భరద్వాజ్ ట్విట్టర్‌లో (ఇప్పటి ఎక్స్) తెలుగులో ఒక చిన్న పోస్టు పెట్టారు. అందులో ఎవరి పేరూ లేదు. తల్లిని అన్న ఉసురు ఊరికే పోదు, కర్మ ఆలస్యమైనా వచ్చి తీరుతుంది అన్నది సారాంశం. ఆ రోజుల్లోనే విడుదలైన ఒక పెద్ద సినిమాకి టాక్ బాగాలేదు. అందులోని హీరో అంతకు ఐదేళ్ళ ముందు చేసిన సినిమా విషయంలో తల్లిని కించపరిచే ఓ బూతుమాట గురించి ఆమె అభ్యంతరం చెప్పి ఉన్నారు. అభిమానులు ఈ రెంటినీ ముడిపెట్టుకున్నారు.

వాళ్ళకి నిజంగా అడగదగ్గ ప్రశ్నలు ఉన్నాయి. సినిమా పోయిన రోజున పాత పగ తీయడం ఏం మర్యాద? పేరు చెప్పకుండా అనడం దేనికి? ఇవి అడిగినవాళ్ళు కొద్దిమంది. మిగతా గుంపంతా ఒక్క మాట పట్టుకుంది: ఆంటీ. అప్పటికి ఆమెకి 37 ఏళ్ళు. అలా పిలవడం వయసు పేరుతో అవమానించడమేనని ఆమె అన్నారు, స్క్రీన్‌షాట్లు తీస్తున్నానని, కేసు పెడతానని హెచ్చరించారు. దానికి జవాబుగా ఆ మాట హ్యాష్‌ట్యాగై ట్రెండింగ్‌లోకి ఎక్కింది. ఆన్‌లైన్ వేధింపులకి వ్యతిరేకంగా ఆమె పెట్టిన హ్యాష్‌ట్యాగ్ కూడా దాని పక్కనే నడిచింది.

ఆ తర్వాత టీవీ చర్చల్లో, యూట్యూబ్ వీడియోల్లో, మీమ్ పేజీల్లో అందరూ చర్చించింది ఒకటే: ‘ఆంటీ అంటే తప్పేంటి? పక్కింటావిణ్ణి అనమా?’ ఈ కేసులో గుర్తుపెట్టుకోవాల్సింది అక్కడే ఉంది. ఆ చర్చ మొదలైన క్షణం గుంపు గెలిచింది. వయసు ఎగతాళికి ఉన్న బలమంతా, అనేసి ‘అనలేదు’ అనగలగడంలోనే ఉంది. బూతు తిడితే రిపోర్ట్ కొట్టొచ్చు, కులం పేరు తెస్తే కేసవుతుంది. వరస కలిపి పిలిస్తే మాత్రం ‘గౌరవంగానే పిలిచాం కదా’ అంటారు. కామెంట్లని పర్యవేక్షించే మోడరేటర్ నిఘంటువు పట్టుకుని ఆ వాదంలోకి దిగితే బయటపడేసరికి ఓ రోజు గడుస్తుంది, ఈలోపు మరో వెయ్యి కామెంట్లు పడతాయి.

ఇంకో సంగతి. అరవై దాటిన హీరో కాలేజీ కుర్రాడి వేషంలో దిగితే ఈలలేసే అభిమాన లోకం ఇది. ఆడవాళ్ళ విషయానికొచ్చేసరికి గడియారం ముప్పైలోనే ఆగుతుంది. కాబట్టి ఈ కేసుని వయసు ఖాతాలో మాత్రమే రాస్తే సగమే రాసినట్టు. వయసూ ఆడతనమూ కలిపి కొట్టిన దెబ్బ ఇది.

గుంపు ఎలా పోగవుతుంది

ట్విట్టర్ ట్రెండింగ్ లెక్క మొత్తం ఎన్ని పోస్టులు పడ్డాయన్నదాని కంటే ఇప్పుడు ఎంత వేగంగా పడుతున్నాయన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. తిట్టడానికి ఆ మాట వాడినా, ఖండించడానికి వాడినా, ‘ఎందుకు ట్రెండ్ అవుతోంది?’ అని అడగడానికి వాడినా లెక్కలో ఒకటే. అందుకే అండగా నిలిచినవాళ్ళ పోస్టులు కూడా మంటలో నెయ్యి అయ్యాయి. ఇందులో బాధితురాలి తప్పేమీ లేదు, యంత్రం పనిచేసే తీరే అంత. కానీ పక్కనుంచి సాయం చేయబోయేవాళ్ళకి ఇది ముందే తెలిసుండాలి: ఖండించండి, ఆ మాట రాయకుండా ఖండించండి. చూపించాల్సి వస్తే కోట్ చేయడం (ఆ పోస్టుని తన పోస్టులో జోడించి వ్యాఖ్యానించడం) కంటే స్క్రీన్‌షాట్ పెట్టడం మేలు. కోట్ చేసిన ప్రతిసారీ నలభై మంది ఫాలోవర్లున్న ఖాతాకి లక్షల మంది ముందు వేదిక దొరుకుతుంది.

ఆ నాటికి ట్విట్టర్‌లో చేతికందే పనిముట్లు ఇవి. ఎవరు జవాబివ్వవచ్చో పరిమితం చేసే సదుపాయం 2020 ఆగస్టు నుంచి ఉంది. సంభాషణలోంచి తన పేరు తీసేసుకునే వీలు 2022 జులైలో అందరికీ వచ్చింది. మాటల్ని మ్యూట్ చేయడం అంతకు ముందు నుంచే ఉంది. వీటిలో ప్రతిదానికీ ఒక కన్నం ఉంది. జవాబులు మూసేస్తే గుంపు కోట్ ట్వీట్లలోకి మారుతుంది. పేరు తీసేసుకుంటే ఆ ఒక్క సంభాషణ వరకే పనిచేస్తుంది. మ్యూట్ చేస్తే మనకి కనబడదు, ఊరందరికీ కనబడుతూనే ఉంటుంది. ముందు జవాబులు మూసి, తర్వాత మ్యూట్ పెట్టి, నోటిఫికేషన్లు చూసే పని నమ్మకమైన ఇంకొకరికి అప్పగించడం అప్పటికి ఉన్నంతలో మంచి దారి. స్క్రీన్‌షాట్లు కూడా ఆ ఇంకొకరే తీయాలి. తన మీద పడిన వెయ్యి తిట్లని తానే కూర్చుని భద్రపరుచుకోవడం ఎవరికైనా నరకమే.

నియమాల పుస్తకంలో వయసు

ట్విట్టర్ ద్వేష ప్రవర్తన నియమాల్లో వయసు ఉంది. మనుషుల్ని మనుషులు కానట్టు చిత్రించే మాటల నిషేధాన్ని 2020 మార్చిలో వయసు, వైకల్యం, వ్యాధులకి కూడా విస్తరించారు. యూట్యూబ్ జాబితాలో కూడా వయసు ఉంది. మెటా దారి వేరు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వయసుకి విడిగా రక్షణ లేదు, మతం, జాతి, స్త్రీపురుష భేదం లాంటి మరో లక్షణంతో కలిసి వచ్చినప్పుడే లెక్కలోకి తీసుకుంటారు. మెటా వేధింపుల నియమంలో కొన్ని అంశాలైతే బాధితులు స్వయంగా రిపోర్ట్ చేస్తేనే కదులుతాయి, స్నేహితులు వందమంది కొట్టినా లాభం ఉండదు.

రాతలో ఉన్నా చేతలో ఆగేది ఒక్క కారణం వల్ల. పరిశీలించేవాడి ముందుకి ఒక్క కామెంటే వస్తుంది: ‘హాయ్ ఆంటీ’. అందులో ఏ నియమమూ తప్పలేదు. తప్పంతా సంఖ్యలో ఉంది, వద్దన్నాక అనడంలో ఉంది. ఆ రెండూ ఒక్క కామెంట్‌లో కనబడవు. అందుకే రిపోర్ట్ చేసేటప్పుడు ‘వద్దు’ అని చెప్పిన పోస్టునీ, ఆ తర్వాత అదే ఖాతా పెట్టినవాటినీ కలిపి పంపాలి. వీలున్న చోట ఒకే ఖాతాకి చెందిన నాలుగైదు పోస్టులు ఒక్క రిపోర్ట్‌లో జోడిస్తే ఉండే బరువు విడివిడిగా పంపితే ఉండదు.

2014లో ‘ద జెరంటాలజిస్ట్’ పత్రికలో బెకా లెవీ బృందం ఒక పరిశీలన ప్రచురించింది. వృద్ధుల గురించి నడుస్తున్న 84 ఫేస్‌బుక్ గ్రూపుల్ని, మొత్తం 25,489 మంది సభ్యులతో ఉన్నవాటిని, చూస్తే ఒక్కటి తప్ప మిగతావన్నీ చిన్నచూపుతోనే నిండి ఉన్నాయి. 37 శాతం గ్రూపులు వృద్ధుల్ని డ్రైవింగ్, షాపింగ్ లాంటి పనుల్లోంచి నిషేధించాలన్నాయి. ఎగతాళి ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుందో ఆ చివరి అంకె చెబుతోంది. ‘ముసలోళ్ళకి ఫోనెందుకు’ అన్న జోకూ ‘వీళ్ళని గ్రూపులోంచి తీసేయండి’ అన్న డిమాండూ మన అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో కూడా ఎదురెదురు గుమ్మాల్లోనే ఉంటాయి.

తీసేసి చూడటం

చిన్న గ్రూపుల్లో ఇదే తంతు వచ్చినప్పుడు తేల్చడానికి బాగా పనికొచ్చే పరీక్ష ఒకటుంది. కామెంట్‌లోంచి వయసు మాట తీసేయండి. మిగిలినదాంట్లో జవాబు చెప్పదగ్గదేమైనా ఉందా?

‘ఆంటీ, మీరు చెప్పిన తేదీ తప్పు, ఆ సినిమా సంక్రాంతికి రాలేదు.’ మాట తీసేస్తే విషయం మిగిలింది. ఉంచండి.
‘చాల్లే ఆంటీ.’ తీసేస్తే ‘చాల్లే’ మిగిలింది. దానికేం జవాబు చెబుతాం? తీసేయండి.
‘అంకుల్, పార్సెల్ మీ ఫ్లాట్ ముందు పెట్టా.’ దీన్ని ముట్టుకుంటే గ్రూపంతా మనల్ని చూసి నవ్వుతుంది.

రెండో ప్రశ్న: ఆ మనిషి ఇదివరకే వద్దన్నారా? అనకముందు పడ్డదానికి ఒక మెత్తని సందేశం చాలు. అన్నాక పడ్డ ప్రతిదీ ఉద్దేశపూర్వకమే, ఇక ‘సరదాకి’ అన్న మాట వినక్కర్లేదు. మూడో ప్రశ్న: ఎంతమంది? పది నిమిషాల్లో నాలుగైదు వేర్వేరు ఖాతాలు ఒకే మాట రాస్తే అది సంభాషణ కాదు, దండయాత్ర. అలాంటప్పుడు ఒక్కో కామెంట్‌నీ తూచుతూ కూర్చోకుండా ఆ పోస్టు కింద చర్చ మొత్తాన్నీ ఆపాలి. శరీరం, పిల్లలు, భర్త, మార్ఫింగ్ ఫొటో ప్రస్తావన వచ్చిందంటే ఇక ఏ ప్రశ్నా వద్దు, పరీక్షలన్నీ పక్కనపెట్టి నేరుగా తొలగింపే.

మాటల ఫిల్టర్ మీద ఆధారపడొద్దు. తెలుగు లిపిలో దీర్ఘం తీసి ఒకడు రాస్తాడు, ఇంగ్లిష్ అక్షరాల్లో పది రకాల స్పెల్లింగులు వస్తాయి, స్టికర్ వస్తుంది, బామ్మ ఎమోజీ వస్తుంది. ఇంకోపక్క పచ్చళ్ళమ్మే ఆంటీ నంబర్ అడిగిన అమాయకుడి పోస్టు ఆగిపోతుంది. ఫిల్టర్‌ని ఆపేదిగా కాకుండా గంట కొట్టేదిగా పెట్టుకుంటే మేలు: ఫేస్‌బుక్ గ్రూపుల్లో కీవర్డ్ అలర్ట్ పెడితే కామెంట్ ఆగదు, అడ్మిన్‌కి కబురొస్తుంది.

మొదటి గంట

మొదటి పదిహేను నిమిషాల్లో మాట్లాడకూడదు. లింకులతో, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఆ తర్వాతే తొలగించాలి. ఈ వరస తారుమారైతే రేపు ‘ఏం చేశానని బ్యాన్ చేశారు?’ అన్నవాడికి చూపించడానికేమీ ఉండదు.

తర్వాత వేగం తగ్గించాలి. టెలిగ్రామ్‌లో స్లో మోడ్ (ఒకసారి రాసినవాడు మళ్ళీ రాయాలంటే ఆగాల్సిన సమయం) కొన్ని సెకన్ల నుంచి గంట దాకా పెట్టుకోవచ్చు. ముందు 1 నిమిషం పెట్టి, ఆగకపోతే 5 నిమిషాలకి పెంచండి. ఒక్క మాట విసిరి పోయేవాడికి 5 నిమిషాలు ఆగే ఓపిక ఉండదు, నిజంగా చెప్పాల్సింది ఉన్నవాడు ఆ 5 నిమిషాల్లో రెండు పేరాలు రాసుకుంటాడు. ఫేస్‌బుక్ గ్రూపుల్లో కూడా ఒక పోస్టు కింద కామెంట్ల వేగం తగ్గించవచ్చు. వాట్సాప్‌లో అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చే మీట చాలాకాలంగా ఉన్నదే. దాన్ని రాత్రికి రాత్రి నొక్కి మర్చిపోతే మూడోనాటికి ‘అసలు గ్రూప్’ పేరుతో పక్కన ఇంకో గ్రూప్ పుడుతుంది, అక్కడ అడ్మిన్ కూడా ఎగతాళి వస్తువే. కాబట్టి మూసేటప్పుడే తెరిచే సమయం రాయాలి: ‘రేపు ఉదయం 8కి తెరుస్తాం.’ 8కి తెరవాలి.

వాట్సాప్ అడ్మిన్ ఇతరుల మెసేజ్ తొలగించే వీలు 2022లో వచ్చింది. అలా తీసినప్పుడు ఏ అడ్మిన్ తీశారో అందరికీ కనబడుతుంది. అందుకే తొలగింపూ వ్యక్తిగత సందేశమూ జంటగా వెళ్ళాలి. ఆ సందేశం ఎవరికి? అందరికంటే ఘాటుగా తిట్టినవాడికి కాదు, మొదట అన్నవాడికి. గుంపులో చివరి వాళ్ళు నవ్వు కోసం వస్తారు, మొదటివాడు ఆగితే వాళ్ళు వేరే వినోదం వెతుక్కుంటారు. ఇలా రాస్తే సరిపోతుంది:

‘నమస్తే అండి. మీ రెండో కామెంట్ తీసేశాం, మొదటిది ఉంచాం. ఆవిడ రాసిన సమీక్ష మీద మీ అభ్యంతరం ఎంత గట్టిగా రాసినా ఉంటుంది. వయసు గురించిన మాట ఉంటే మాత్రం మొత్తం తీసేస్తాం. తిరగరాసి పెట్టండి.’

ఇందులో క్షమాపణ అడగలేదు, సంస్కారం నేర్పలేదు, ఆంటీ అన్న మాట మంచిదా చెడ్డదా తేల్చలేదు. ఏది ఉంటుందో, ఏది పోతుందో చెప్పాం అంతే. క్షమాపణ పట్టుబడితే వచ్చేది ‘సారీ ఆంటీ’.

బాధితులకి కూడా వెంటనే ఒక సందేశం వెళ్ళాలి: ఏం తీశామో, ఎప్పటిదాకా కాపలా ఉంటామో. ‘పట్టించుకోకండి’ అని మాత్రం రాయొద్దు. ఆ మాటకి అర్థం ‘మా పని మేం చేయం, మీరు ఓర్చుకోండి’ అని.

చెడగొట్టేవి

అన్నిటికంటే ఎక్కువగా చెడేది సమాన శిక్ష దగ్గర. ఇరవై మంది ఒక్కొక్క మాట అంటారు, ఇరవయ్యో మాటకి ఆవిడ ఒక ఘాటైన జవాబిస్తుంది. కామెంట్లు విడివిడిగా చూసే అడ్మిన్‌కి కనబడేది ఇరవై మెత్తని మాటలూ ఒక్క తిట్టూ. ‘ఇద్దరికీ వారం సస్పెన్షన్’ అంటాడు. నిష్పక్షపాతంగా ఉన్నాననుకుంటాడు కూడా. కాలవరసలో చదివితేగానీ ఈ కళ్ళకద్దాలు తొలగవు.

అడ్మిన్లంతా ఒకే ఈడువాళ్ళయితే ఇంకో రకంగా చెడుతుంది. పాతికేళ్ళ ముగ్గురికి ‘బూమర్ అంకుల్’ అన్నది వట్టి జోకు. అరవై దాటిన ముగ్గురికి ‘బొడ్డూడని వెధవ’ అన్నది చనువు. ఇద్దరు ముగ్గురు అడ్మిన్లున్న చోట కనీసం ఒకరు ఇరవై ఏళ్ళ తేడాతో ఉండేలా చూసుకోవాలి. పేరుకి పెట్టడం కాదు, తొలగింపు అధికారం వాళ్ళకి కూడా ఉండాలి.

అతి మర్యాద నియమాలు కూడా పనిచేయవు. ఎవరినీ వరసపెట్టి పిలవొద్దు, అందరికీ ‘గారు’ తప్పనిసరి అని రాస్తే మర్నాటికి ‘ఆంటీ గారూ’ అని మొదలవుతుంది. అక్కా, అన్నా, బాబాయ్ లేకుండా తెలుగు గ్రూప్ నడవదు, నడపాల్సిన పనీ లేదు. నియమం ఒక్క వాక్యం చాలు: ‘మనిషి వద్దన్న పిలుపుతో పిలవొద్దు, వాదనలో వయసు తేవద్దు.’

ఎదురుదిక్కు

వయసు వివక్ష అనగానే పెద్దవాళ్ళ మీద జరిగేదే గుర్తొస్తుంది. అమెరికన్ వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1969లో దానికి ఇంగ్లిష్‌లో పేరుపెట్టినప్పుడు మనసులో ఉన్నదీ వృద్ధులే. కానీ 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన నివేదిక, యూరప్‌లో వయసు వివక్ష ఎదురైందని ఎక్కువగా చెబుతున్నది కుర్రకారేనని గుర్తుచేసింది. పెద్దల మాటని తోసేయడానికి కుర్రకారు వాడే ‘ఓకే బూమర్’ పుట్టుక వెనక కూడా ఈ కోపమే ఉంది. 2019 నవంబరులో న్యూజీలాండ్ పార్లమెంటులో 25 ఏళ్ళ సభ్యురాలు క్లోయీ స్వార్‌బ్రిక్ వాతావరణ బిల్లు మీద మాట్లాడుతుంటే ఒక సభ్యుడు అడ్డుతగిలాడు, ఆమె ఆ రెండు మాటలతో తోసేసి ముందుకి సాగారు. అక్కడ బూమర్ అంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పుట్టిన తరం. మన మీమ్ పేజీల్లో ముప్పై రెండేళ్ళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూడా బూమర్ అంకులే.

తెలుగులో ఎదురుదిక్కు దెబ్బ బాగా కనబడేది సాహిత్య, పద్య గ్రూపుల్లో. డిగ్రీ చదివే అమ్మాయి తన మొదటి కవిత పెడుతుంది. ‘వేళ’ని ‘వేల’ అని రాసింది. కింద మొదటి కామెంట్: ‘మీ తరానికి తెలుగు రాదు, ఫోన్లు తప్ప ఏం తెలుసు?’ దాని కింద పన్నెండు చప్పట్లు. పైన చెప్పిన పరీక్షే ఇక్కడా పెట్టండి. తరం మాట తీసేస్తే ఏమీ మిగలలేదు. అదే ‘వేళకి ళ రాయాలమ్మా, వేల అంటే వందలు, వేలు అనే లెక్క’ అని ఉంటే బంగారంలాంటి కామెంట్. ఇలాంటి గ్రూపుల్లో తొలగించేదాని కంటే తిరగరాయించేది ఎక్కువ పనిచేస్తుంది, ఎందుకంటే ఆ పెద్దాయనకి నిజంగానే ళకారం తెలుసు. ఆయనకి పంపే సందేశంలో ‘మీరు’ తగ్గకూడదు, ‘మాస్టారూ’ అని మొదలుపెట్టడం ఇంకా మంచిది. చప్పట్లు కొట్టిన పన్నెండు మందికీ ఏమీ పంపనక్కర్లేదు.

ట్రోలింగ్‌కి గురైనవాళ్ళకి అండగా వచ్చేవాళ్ళు చేసే పొరపాటూ ఇదే జాతిది. ‘పోయి చదువుకో బాబూ’, ‘మీ అమ్మకి చెప్పనా?’ అంటారు. ఆగస్టు 2022 లాంటి గుంపుల్లో అందరూ ఇంటర్ కుర్రాళ్ళేనని అనుకోవడం తేలిక. ప్రొఫైళ్ళు తెరిచి చూస్తే ఉద్యోగస్తులు, పిల్లల తండ్రులు కూడా దొరుకుతారు. రక్షణ కోసం వాడినా వయసు మాట వయసు మాటే, నియమం దానికీ వర్తించాలి.

వారం తర్వాత, అవసరమైతే పోలీసుల దాకా

గొడవ సద్దుమణిగిందో లేదో కామెంట్ల సంఖ్యని చూసి తేల్చొద్దు. గొడవకి ముందు నెలలో రాస్తూ ఉన్న సభ్యుల పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాతి నెలలో వాళ్ళలో ఎవరు రాయలేదో చూడండి. వాట్సాప్‌లో 2022 నుంచి చప్పుడు కాకుండా వెళ్ళిపోవచ్చు, ఆ కబురు అడ్మిన్లకి మాత్రమే వెళ్తుంది. వెళ్ళిపోయినవాళ్ళలోనూ మాట మానేసినవాళ్ళలోనూ ఒకే ఈడువాళ్ళు, ఒకే రకం వాళ్ళు ఎక్కువగా ఉంటే బయటికి ప్రశాంతంగా ఉన్నా పని పూర్తి కాలేదన్నమాట. వాళ్ళలో ఇద్దరికి ఫోన్ చేసి అడగండి, మెసేజ్ వద్దు.

చట్టం సంగతి. వట్టి వయసు ఎగతాళిని నేరంగా చెప్పే సెక్షన్ మనకి లేదు. చిరాకు కలిగించే సందేశాల మీద కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అయితే ఎగతాళి పక్కన వచ్చేవాటికి సెక్షన్లున్నాయి. అశ్లీల పోస్టులకి ఐటీ చట్టం 67. వద్దన్నా వెంటపడితే, స్త్రీ మర్యాదకి భంగం కలిగించే మాటలంటే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 78, 79. ఫిర్యాదులో ‘ఆంటీ అన్నారు’ అని మొదలుపెడితే స్టేషన్లో కూడా పాత చర్చే మొదలవుతుంది. మార్ఫింగ్, బెదిరింపు, అశ్లీలం ఉన్న పోస్టుల్ని ముందు పెట్టి, మిగతావి వెనక వరసలో జతచేయాలి.

గ్రూప్ అడ్మిన్లకి ఉండే భయం ఒకటి: ఎవడో రాసినదానికి నన్ను లాగుతారా? ఉమ్మడి ఉద్దేశం ఉందని తేలితే తప్ప సభ్యుడి పోస్టుకి అడ్మిన్ నేరస్తుడు కాడని బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ 2021లో చెప్పింది, కేరళ హైకోర్టు 2022లో అదే దారిలో తీర్పిచ్చింది.

స్క్రీన్‌షాట్ కోర్టులో నిలబడాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అందుకని స్క్రీన్‌షాట్ తీసిన ఫోన్ ఎవరిదో రాసిపెట్టుకోండి, కేసు తేలేదాకా ఆ ఫోన్‌ని రీసెట్ చేయొద్దు, అమ్మొద్దు. ఫొటోల్ని వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపితే నాణ్యత తగ్గి, ఫైల్‌లోని వివరాలు పోతాయి. డాక్యుమెంట్‌గా పంపండి, అసలు కాపీ ఫోన్‌లోనే ఉంచండి. ఖాతా పేర్లు రోజుకోసారి మారిపోతుంటాయి, పోస్టు లింకుతో పాటు ప్రొఫైల్ లింకు కూడా కాపీ చేసి తేదీతో ఒక ఫైల్లో పెట్టుకోండి.